మందుకూ మందుకూ మధ్య

మందుల షాపాయనకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. దానికి ఆయన షాపులో కూడా మందు లేదు. చీటీ చేతికందగానే, మూడు వీధులకు వినబడేలా, "మరి ఆ మందు సంగతేంటి?" అని అడగాలి. అడగకపోతే ఆయనకు అన్నం అరగదు.

ఎనభయ్యేళ్ల బామ్మ దగ్గు మందుకొచ్చినా అదే ప్రశ్న.

"నా మొహం చూస్తే తాగుబోతులా ఉన్నానా నాయనా?"

"మొహం చూసి మాత్రలివ్వడానికి నేనెందుకమ్మా, అద్దం చాలదూ?"

తాగనివాళ్లు అలిగి, తాగేవాళ్లు సిగ్గుపడి పక్క వీధి షాపుకు పోయేవారు. వ్యాపారం దివ్యంగా సాగుతోందన్నమాట!

మెడనొప్పితో వచ్చిన టైలరుకు ఆ రోజు గ్రహచారం బాగాలేదు. వెనకాలే వియ్యపురాలు నిలబడి ఉంది.

"మరి ఆ మందు సంగతేంటి తమ్ముడూ?"

"నాకా? అబ్బే, వాసనే పడదన్నా!"

వియ్యపురాలు మర్యాదగా దగ్గింది.

"పడకపోతే మంచిదే. ఇవి మత్తు మాత్రలు. దాంతో కలిస్తే నిన్ను నిద్రపుచ్చి ఊరుకోవు, నీ ఊపిరిని కూడా జోకొడతాయి. ఇవి వాడినన్నాళ్లూ చుక్క ముట్టకు."

పరువు తీశాడని టైలరు దారంతా తిట్టుకున్నాడు. కానీ ఆ ఊపిరి మాట ముల్లులా గుచ్చుకుంది.

ఆదివారం మధ్యాహ్నం స్నేహితుడి రిటైర్మెంటు విందు. గ్లాసు నిండుగా టైలరు ముందుకొచ్చింది.

"మాత్రలు వాడుతున్నానురా."

"మేమూ వాడుతున్నాం. దీంతోనే మింగుతాం!" అని మహామేధావులందరూ నవ్వారు. "ముసలాడివైపోయావురా!"

ఆ మాటకు రోషం వచ్చి టైలరు చెయ్యి గ్లాసు దాకా పోయింది.

సరిగ్గా అప్పుడే మందుల షాపాయన వచ్చి పక్క కుర్చీలో కూలబడ్డాడు. అయిపోయాననుకున్నాడు టైలరు. ఇక దండోరాయే!

ఆయన మాత్రం నీరసంగా గొణిగాడు. "నాకు కళ్లు తిరుగుతున్నాయి బాబూ. ఇంటిదాకా ఇతనే దింపాలి. దయచేసి ఇతనికి పొయ్యకండి."

గ్లాసు మాయమైంది. పైగా "దేవుడివిరా!" అంటూ భుజం తట్టారు.

"నిజంగా తిరుగుతున్నాయా అన్నా?" టైలరు చెవిలో అడిగాడు.

"గుండ్రాయిలా ఉన్నాను. లే, నడు."

టైలరు భుజం పట్టుకుని ఆయన తూలుతూ బయల్దేరాడు. గేటు దగ్గర ఒకావిడ ముక్కు మూసుకుంది. "పట్టపగలే ఎంత పట్టించాడో చూడు!"

టైలరు ఉడుక్కుని నోరు తెరవబోయాడు. ఆయన అతని భుజాన్ని గట్టిగా నొక్కి, ఇంకాస్త బాగా తూలాడు.