యాదమ్మ సంతకం

వాన వెలిసిన పొద్దున తడి బండల మీద బ్లీచింగ్ పౌడర్ చల్లి గట్టి చీపురుతో రుద్దుతుంటే ఒక వాసన లేస్తుంది. ముక్కు మండించే ఘాటు, దాని అడుగున పాచి వాసన. ఉప్పల్‌లో నేను చూసుకునే ఆఫీసు భవనం ముందు ఈ ఉదయం ఆ వాసన తగలగానే యాదమ్మ గుర్తొచ్చింది. పదకొండేళ్ల కిందట, నాచారంలో నా మొదటి ఉద్యోగంలో, ఆమె మా హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. భవనం బాగోగులన్నీ నా చేతిలో ఉండేవి కాబట్టి కాగితం మీద నేను ఆమెకు పైఅధికారిని. నాకు ఇరవై నాలుగేళ్లు. ఆమెకు యాభై దాటాయి.

జనగామ వైపు నుంచి బతకడానికొచ్చిన మనిషి. రోజూ ఆఫీసులు తెరవకముందే చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, చెప్పులు చేత పట్టుకుని, గేటు నుంచి పార్కింగ్ దాకా బండల మీద నడిచేది. ఏసీల నీళ్లు కారే గోడ పక్కన ఆగి, పాచి పట్టిందేమోనని కాలి బొటనవేలితో నేలను రుద్ది చూసేది. పనివాళ్లను పిలిచి అక్కడ తోమించేది. నాకేమీ పచ్చగా కనిపించడం లేదని ఒకసారి అన్నాను. “కంటికి గనపడేదాంక ఆగితే ఎవరో ఒకరు పడుతరు మేడం. కాలుకు ముందుగాల దెలుస్తది” అంది.

ఆ వేసవిలో భవనం యజమాని ముందువైపు ర్యాంపుకు కొత్త రాయి వేయించమన్నారు. నల్లగా మెరిసే గ్రానైట్‌ను నేనే ఎంచాను. యాదమ్మ నమూనా ముక్క మీద మగ్గుతో నీళ్లు పోసి, పాదం ఆనించి, వెంటనే తీసేసింది. “అద్దం లెక్కున్నది. గిది ఇంట్ల ఏసుకునే రాయి, వాకిట్ల గాదు.” వానాకాలంలో రబ్బరు మ్యాట్లు పరిపిస్తాలే అన్నాను. ఆమెకు అందం తెలియదని మనసులో అనుకున్నాను కూడా.

మ్యాట్లు పరిపించిన మాట నిజమే. కానీ ఒకరోజు యజమాని కోసం ఎవరో పెద్దమనుషులు వస్తున్నారని, మ్యాట్లు మురికిగా ఉన్నాయని తీయించేశాను. అరగంటలో వాన పడింది. రెండో అంతస్తులో బట్టలు కుట్టే సరోజ, లాలాపేట్ నుంచి బస్సులో వచ్చే అమ్మాయి, గేటు దాటి పరుగున వచ్చి ర్యాంపు మీద జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. ఎవరూ ఆమెను గుంజి లేపకుండా యాదమ్మ అడ్డం కూర్చుంది. సరోజ తల ఒళ్లో పెట్టుకుని, ఆటో వచ్చేదాకా వానలో అలాగే ఉంది.

మధ్యాహ్నం నేను రిపోర్టు రాశాను. సరోజ తొందరపడిందని, అరిగిన చెప్పులు వేసుకుందని. సాక్షిగా యాదమ్మ సంతకం కావాలి. ఆమెకు తన పేరు రాయడం తప్ప చదువు రాదు. చదివి వినిపించమంది. వినిపించాను.

“మ్యాట్లు నువ్వే తియ్యమన్నవ్ గద బిడ్డా. గది రాయలే.”

అంతవరకూ ఆమె నన్ను మేడం అనే పిలిచింది. రాస్తే నా ఉద్యోగం పోతుందని చెప్పాను.

“పోతే పోవచ్చు. నాకూ భయమే. గని చెప్పులదే తప్పని రాస్తే ఆ రాయి గట్లనే ఉంటది. రేపు ఇంకొకరు పడుతరు.”

కాగితం చింపాను. రాయి ఎంచింది నేనని, యాదమ్మ వద్దన్నదని, మ్యాట్లు నా మాట మీదే తీశారని మళ్లీ రాశాను. ఆమె నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం చేసింది. యజమాని నా మీద కేకలేశారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు పిలిచి, ఆ రాయిని ఏం చేయాలో యాదమ్మను అడిగి చేయించమన్నారు. పనివాళ్లు వారం పాటు ఉలులతో కొట్టి ర్యాంపంతా గరుకు చేశారు. మెరుపు పోయింది. పక్కన పట్టుకోవడానికి కమ్మీ వచ్చింది.

మూడు నెలలకు సరోజ తిరిగొచ్చింది. మణికట్టు పూర్తిగా తిరిగేది కాదు. మెషిన్ మీద నుంచి ఆమెను కుట్లు సరిచూసే పనికి మార్చారు. మొదటిరోజు యాదమ్మ ఆమె మోచేయి పట్టుకుని ర్యాంపు ఎక్కిస్తుంటే నేను ఎదురెళ్లి, తప్పు నాదని చెప్పాను. “మీరు రాసింది యాదమ్మక్క జెప్పింది మేడం. గప్పటిదాంక నా చెప్పులదే తప్పనుకున్న. ఇంట్ల గూడ గట్లనే తిట్టిన్రు” అంది సరోజ.

యాదమ్మ ఇప్పుడు నాగారంలో కూతురి దగ్గర ఉంటోంది. మోకాళ్లు సహకరించక పని మానేసింది. ఎవరైనా పడ్డారని ఫోన్ వస్తే ఇప్పటికీ నా నాలుక చివరికి ముందుగా వచ్చేది వాళ్ల తొందర, వాళ్ల చెప్పులు. ఆ మాటను మింగి, దెబ్బ ఎక్కడ తగిలిందని అడుగుతాను. తర్వాత కాగితం తీసుకుని, ఆ రోజు మేమేం చేశామో, ఏం చేయలేదో మొదటి వరుసలో రాస్తాను.