మిషన్‌కు నచ్చని వేలు

ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగిన సమ్మెతో మా కోరుట్ల కాలేజీకి తాళం పడింది. నా ఫిజిక్స్ పాఠాలు ఆగినందుకు విద్యార్థులెవరూ పెద్దగా దుఃఖించలేదు. నేను సిరిసిల్లలో నాన్న తమ్ముడు, మా చిన్నబాపు ఇంటికి పోయాను. ఆయన అద్దకం కార్ఖానాలో గుడ్డ ముంచే పనివాడు. ఊరేగింపుల జెండాలకు గిరాకీ పెరిగి, ఆయన చేతులు మోచేతుల దాకా గులాబీ రంగుకు తిరిగాయి; వేళ్లకూ గోళ్లకూ పట్టిన పాత నీలం, నలుపు మాత్రం వదల్లేదు. ఉద్యమాన్ని ఒంటికి పట్టించుకున్న మనిషని నవ్వేవాళ్లం. నాలుగు అడుగులేస్తే ఊపిరి అందకపోవడం మాత్రం నవ్వే సంగతి కాదు.

రోడ్లు బంద్ అవుతున్న ఆ రోజుల్లో ఎట్లాగో ఒక ఉచిత వైద్య శిబిరం వాడలోకి వచ్చింది. అక్కడి డాక్టర్ చిట్టీ రాస్తేనే కరీంనగర్ పెద్దాసుపత్రిలో చేర్చుకుంటారు. చిట్టీ రాయాలంటే వేలికి క్లిప్పు మిషన్ తగిలించి, నెత్తురులో ఆక్సిజన్ ఎంతుందో చూడాలి. దాని ఎర్రటి వెలుగు వేలి గుండా అవతలికి తేలాలి. "ఊపిరి ఆడుతలేదు సారూ," అంటూ చిన్నబాపు వేలు పెడితే తెర మీద రెండు గీతలు తప్ప అంకె రాలేదు.

"చెయ్యి కడుక్కొని రా, పో," అన్నాడు డాక్టర్.

"ముప్పై ఏండ్ల సంది కడుగుతనే ఉన్న సారూ. పోయేటి రంగైతే ఎన్నడో పోతుండె."

"జెండా ఎందుకు బావా, గా చెయ్యే ఊపరాదా!" అంది వరుసలో వెనకున్నామె.

డాక్టర్ కాగితం మీద 'రోగి సహకరించలేదు' అని రాశాడు. పొద్దున్నుంచి నిలబడి, వేలిచ్చి, నవ్వులపాలైన మనిషి సహకరించలేదట! బట్టకు రంగులద్దే ఊరికి, రంగంటని వేళ్లనే చదివే మిషన్ పంపడం ఎవరి తెలివి? దాన్ని తయారుచేసినవాడు బతుకులో ఒక్కసారైనా అద్దకంవాడితో చెయ్యి కలిపాడా? నాకు ఒళ్లు మండింది. మర్యాదస్తుణ్ణి కనుక గొంతు కొంచెమే పెంచాను. పక్క వీధి దాకా వినిపించిందట.

"సార్, గా మిషన్‌కు కావల్సింది వేలు కాదు, వెలుగు. చెవికి పెట్టుండ్రి. రంగు చెవుల దాకా ఎక్కలే."

"నువ్వు డాక్టరువా?"

"కాదు సార్. ఫిజిక్స్ లెక్చరర్ని. ప్రస్తుతం సమ్మెల ఉన్న."

క్లిప్పు చెవి తమ్మె మీద రెండుసార్లు జారింది. మూడోసారి అంకె తేలింది. తొంభై అయిదు పైన ఉండాల్సింది, ఎనభై రెండు. డాక్టర్ గబగబా చిట్టీ రాస్తూ కసిరాడు.

"ఇంత ఆయాసముంటే ముందే చెప్పొద్దా పెద్దాయనా?"

"చెప్పిన సారూ," అన్నాడు చిన్నబాపు, మాట మాటకూ ఆగుతూ. "మీరు చెయ్యి కడుక్కోమన్నరు."