బస్టాండులో బతికున్నట్టు తేలింది

"బస్సు యాడికి పోలే అవ్వా, ఎక్కు."

"నా పాణం దీసినవ్ గదే బిడ్డా!"

బోధన్ బస్టాండులో, పేరు కూడా అడగని ఒకామెతో నా ఆఖరి మాటలివి.

నేను బతికే ఉన్నానని ఏటా సర్కారుకు చూపించకపోతే, మా ఆయన పోయాక వస్తున్న పింఛను ఆగిపోతుంది. బీడీలు చుట్టి అరిగిన నా వేళ్లను ఆఫీసులో వేలిముద్రల మిషను పట్టలేదు. రుద్రూర్ బస్సు ఎదురుగానే నిలబడి ఉన్నా, ఎక్కబుద్ధి కాక దిగులుగా కూర్చున్నాను. పక్కనున్న ఆమె సంగతి విని, ఫోనులో ముఖం చూపించినా చాలంది.

"కండ్లు పెద్దగ దెరిసి రెప్పలు కొట్టు అవ్వా."

"నా మొగనికే ఎన్నడు కొట్టలే, ఇప్పుడు సర్కారుకు కొట్టాల్నా?"

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వితే నా కళ్లు మూసుకుపోతాయి, ఫోను ఒప్పుకోదు. ఉన్నట్టుండి ఆమె, "అవ్వా, నీ బస్సు పోతున్నది!" అని అరిచింది. గుడ్లు తేలేశాను. రెప్పలు టపటపా కొట్టుకున్నాయి. ఫోను ఒప్పుకుని ఆకుపచ్చగా వెలిగింది.

పింఛను ఆగలేదు. బస్సు ఎక్కినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

రాసుకున్నావా మనవరాలా? ఏదీ, చదివి వినిపించు. మధ్యలో నువ్వు మాత్రం నవ్వకు.