వెనక చక్రం

ఆ సాయంత్రం పోటీలోంచి బయటికి పోవాల్సింది నేను. పోయింది అక్క.

అక్క నాకు చుట్టమేమీ కాదు. బొగ్గు గని స్టోర్సులో పని చేసేది. భర్త గనిలో పోయాక వచ్చిన ఉద్యోగం. నాది బోనకల్ పక్క వ్యవసాయ కుటుంబం, పాల్వంచలో లెక్కల టీచర్ని. బరువు తగ్గాలని సైకిలు కొన్న కొత్తలో భద్రాచలం రోడ్డు మీద చైను తెగి నిలబడితే, వెనక నుంచి వచ్చిన అక్క దిగి, అరచేతులు నల్లగా చేసుకుని అతికించి ఇచ్చింది. అప్పటి నుంచి రెండేళ్లు ప్రతి ఆదివారం కలిసి తొక్కాం. తెల్లారేసరికి గోదావరి వంతెన, అక్కడ చాయ్, మళ్లీ అడవి దారిన వెనక్కి. ఎదురుగాలి ఉన్న రోజు తను ముందుండి నన్ను వెనక నీడలో పెట్టుకునేది. నా కన్నా పద్నాలుగేళ్లు పెద్దది. ఒక్కసారి కూడా నన్ను ముందుకు రమ్మనలేదు.

హైదరాబాదులో వెలోడ్రోమ్ అనే సైకిలు పందాల ట్రాక్ మీద మామూలు వాళ్లకు కూడా ఒక సాయంత్రం పోటీలు పెడుతున్నారని తెలిసి, ఇద్దరి పేర్లూ నేనే ఇచ్చాను. ఒకే రంగు జెర్సీలు కుట్టించిందీ నేనే.

ట్రాక్ సైకిలుకు బ్రేకులుండవు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. మలుపుల దగ్గర సిమెంటు నేల గోడలా లేస్తుంది. మధ్యాహ్నం సాధనలో ఆ వాలు చూసి నేను వేగం తగ్గించాను. అక్క నా పైవైపున తొక్కుతూ వచ్చింది.

"ఆపకు చెల్లె. తొక్కుతనే ఉండు. మెల్లగైతే జారుతవ్."

మాది ఎలిమినేషన్ రేసు. రెండు చుట్లకోసారి గంట కొడతారు. గీత దాటేటప్పుడు ఎవరి వెనక చక్రం అందరికన్నా చివర ఉంటే వాళ్లు బయటికి పోవాలి. పన్నెండు మంది ఆడవాళ్లం మొదలుపెట్టాం. ఎండ వాలి, మా నీడలు మా కన్నా ముందే మలుపు తిరుగుతున్నాయి. ఆరుగురం మిగిలేసరికి నేను లోపలి గీత దగ్గర ఇరుక్కుపోయాను. ముందు ఒకామె, పక్కన అక్క. కదలడానికి జాగా లేదు. గీత దాటుతుండగా అక్క వెనక చక్రం నా చక్రానికి ముందు, జానెడు ముందు, దాటడం నా కళ్లతో చూశాను.

మైకులో అక్క నంబరు పిలిచారు.

అక్క తల తిప్పి నన్ను చూసింది. కోపంగా కాదు. నేనేదో అంటానని ఎదురు చూస్తున్నట్టు చూసింది. నేను తల వంచుకుని తొక్కాను. తను మెల్లగా కిందికి, గడ్డిలోకి దిగిపోయింది.

నాకు మూడో స్థానం వచ్చింది. సైకిలు దిగేసరికి గీత దగ్గర కూర్చుని తీర్పు చెప్పే పెద్దాయన, పక్కన అక్క నా దగ్గరికి వచ్చారు. అక్క అభ్యంతరం చెప్పిందట. నువ్వు ఒప్పుకుంటే స్థానాలు సరిచేస్తానన్నాడు ఆయన.

"ఆ చుట్టులో చివర ఉన్నది నువ్వా, ఈమెనా అమ్మా?"

"చూడలేదు సార్. ముందుకే చూస్తూ తొక్కాను."

నా మెడలో కాంస్య పతకం వేసేటప్పుడు నా సైకిలు పట్టుకుని నిలబడింది తనే. రాష్ట్ర పోటీలకు వెళ్లే మొదటి ముగ్గురి జాబితాలో నా పేరు రాసుకున్నారు.

మరునాడు పొద్దున బస్సులో తిరిగి వచ్చాం. సూర్యాపేట దాకా తన డ్యూటీ గురించి మాట్లాడింది. తెచ్చుకున్న చపాతీల్లో సగం నాకు పెట్టింది. తిన్నాను. కుసుమంచి దగ్గర బస్సు ఆగినప్పుడు, కిటికీలోంచి చూస్తూనే అంది.

"నువ్ చూసినవ్. నువ్ చూసుడు నేను గూడ చూసిన."

నేను చపాతీల డబ్బా మూత పెట్టాను.

"నేనే వెనకున్న అక్కా అని ఒక్కమాటంటే, నువ్వే తొక్కు, నాకెందుకు అని అందును. నాకు రాష్ట్రం గీష్ట్రం ఏంది ఈ వయసుల."



తర్వాతి ఆదివారం రోడ్డు మీద అరగంట నిలబడ్డాను. ఆ పై ఆదివారం కూడా. అక్క రాలేదు. రాష్ట్ర పోటీల్లో మొదటి గంట కొట్టగానే నన్ను బయటికి పంపారు. ఈసారి చక్రాల విషయంలో ఎవరికీ అనుమానం రాలేదు. ఇంట్లో మా ఆయనకు జరిగింది చెప్పాను. ఒక పతకానికి ఇంత ఆలోచనా అన్నాడు.

వానాకాలం, గోదావరి పొంగిన రోజుల్లో, వంతెన దగ్గర జనంతో పాటు నీళ్లు చూస్తూ అక్క కనబడింది. పక్కన సైకిలుతో కొత్త అమ్మాయి. నేను దగ్గరికి వెళ్లాను.

"బాగున్నరా మేడమ్?" అంది. ఎగతాళిగా కాదు, మర్యాదగానే. వరద ఇంకో అడుగు పెరిగిందంట అని చెప్పి, ఆ అమ్మాయి సైకిలు సీటు ఎత్తు సరిచేయడానికి వంగింది.

ఈ ఏడాది పోటీల ఫారం వచ్చింది. ఇంతకుముందు గెలిచిన స్థానాలు రాయమని ఒక గడి ఉంది. చాలాసేపు ఖాళీగా వదిలేద్దామనే అనుకున్నాను. చివరికి, మూడో స్థానం అని రాసి పంపాను.