ఆనప కాపు అయ్యేదాకా

ఎంకమ్మ ఊరి నుంచి తెచ్చుకున్న ఆస్తి ఒక పిడత. అందులో బూడిద, బూడిదలో గుప్పెడు అనప గింజలు. ఎర్రటి గింజ, తెల్లటి మూతి. తల్లి బతికున్నన్నాళ్లూ ఏటేటా మంచివి ఏరి దాచిన విత్తనం అది. తల్లి పోయింది. అన్న పొలం అమ్ముకుని బతుకుదెరువుకు ఎటో వెళ్లిపోయాడు. ఇక ఆ గింజలు ఆ పిడతలో తప్ప ఎక్కడా లేవు. అవి ఏరి దాచి అప్పటికే రెండేళ్లు దాటింది. ఆ వానాకాలం నేలలో పడకపోతే ఇక మొలవవని ఆమెకు తెలుసు.

అది అరవై ఎనిమిదో సంవత్సరం. ఆమె, మొగుడు చెన్నయ్య అశోక్‌నగర్‌లో ఒక ఖాళీ జాగాకు కాపలా ఉండేవాళ్లు. జాగా విశ్వేశ్వరరావుది. బెజవాడ మనిషి, సెక్రటేరియట్‌లో సూపరింటెండెంటు, నారాయణగూడలో కిరాయి ఇంట్లో కాపురం. కాపలాకు జీతమేమీ లేదు, మూలన గుడిసె వేసుకోనిచ్చాడు, అంతే. పాలమూరు నుంచి వచ్చినవాళ్లకు అదే పదివేలు. చెన్నయ్య తెల్లవారగానే చిక్కడపల్లి చౌరస్తాలో కూలీల అడ్డా మీద నిలబడేవాడు. ఎవరైనా పిలిస్తే పని, పిలవకపోతే బీడీ.

విశ్వేశ్వరరావు భార్య కమలాకుమారికి కూరగాయలంటే ప్రాణం. మొదట్లో ఒకసారి గోంగూర ఉంటే కోసి పెట్టమంది. అదేమిటో తనకు తెలియదని ఎంకమ్మ చెప్పింది. తీరా చూస్తే గుడిసె పక్కనే మోకాలెత్తు పెరిగి ఉంది. ఎంకమ్మ దాన్ని పుంటికూర అనేది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత తెలియని మాట వస్తే ఇద్దరూ ఒకరినొకరు అడిగి తెలుసుకునేవాళ్లు. తెలిసిన మాటను ఎవరడుగుతారు?

తొలకరి ముందు దంపతులిద్దరూ జాగా చూసుకోవడానికి వచ్చారు.

“ఈ నేలంతా ఊరికే పడుంది కదా ఎంకమ్మా, ఓ పందిరేసి ఆనప పెట్టకూడదూ? ఈ ఊళ్ళో లేత కాయ దొరికి చావదు,” అంది కమలాకుమారి.

ఎంకమ్మకు గుడిసెలోని పిడత గుర్తొచ్చింది. “మీరు గూడ తింటరా అమ్మ?”

“తినకేం. వారానికి రెండుసార్లున్నా నాకు సరే.”

ఆ కాయ పేరులో మొదటి అక్షరం కొంచెం సాగినట్టు వినబడింది. ఆంధ్రావాళ్లు అన్నీ సాగదీసే మాట్లాడతారు కదా అనుకుంది ఎంకమ్మ. అయినా భయంగానే, ఇల్లు ఎప్పుడు మొదలుపెడతారని సారును అడిగింది. ప్లాను ఇంకా మంజూరు కాలేదు. విశ్వేశ్వరరావు ఆవేళ మంచి హుషారులో ఉన్నాడు. “ఆనప కాపు అయ్యేదాకా ఇక్కడ గడ్డపార దించనులే. మాటిస్తున్నాను,” అన్నాడు.

అనప వానలకు వేస్తే తీగ మాత్రమే సాగుతుంది. చలి పడ్డాకే పూత. కాయ దిగి, గింజ ముదిరి, ఎండేసరికి మాఘం వస్తుంది. మాఘం దాకా తనకు గడువు దొరికిందని ఎంకమ్మ లెక్క.

నేల నేలలా లేదు. ఎవరో పాత ఇల్లు పడగొట్టి పోసిన సున్నం పెచ్చులు, పెంకు ముక్కలు. నెల రోజులు తట్టలతో ఎత్తి గోడ పక్కన పోసింది. చిక్కడపల్లి సందులో గేదెలవాళ్ల ఇంటి ముందు ఊడ్చిపెట్టి, కూలికి బదులు పెంట అడిగి తెచ్చుకుంది. వాన మొహం చాటేసిన రోజుల్లో వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడి, తాగడానికి రెండు బిందెలు, తీగలకు రెండు బిందెలు మోసింది. తీగలకని తెలిసి కుళాయి దగ్గర ఆడవాళ్లు, జాగ నీదా, మొగుడు కొనిచ్చిండా అని ఎత్తిపొడిచారు. కమలాకుమారి వెదుళ్లు పంపింది. అనపకు ఇంత పందిరి ఎందుకో ఎంకమ్మకు అర్థం కాలేదు. పెద్దోళ్ల సోకు అనుకుని వేసింది. గింజలు అన్నీ పెట్టింది. ఒక్కటి కూడా పిడతలో మిగుల్చుకోలేదు. మాట ఇచ్చారు కదా.

మొలిచాయి. పందిరి ఎక్కాయి. కమలాకుమారి బెజవాడలో పట్నవాసంలో పెరిగిన మనిషి. ఆమెకు కాయ తెలుసు, ఆకు తెలియదు. ఎప్పుడో ఒకసారి వచ్చి, గేటు దగ్గర నిలబడి, పచ్చగా ఉందని మెచ్చుకుని, ఎంకమ్మ కోసిచ్చిన గోంగూర తీసుకుని వెళ్లిపోయేది.

కార్తీకంలో ప్లాను మంజూరైంది. దంపతులు మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చారు. కమలాకుమారి నేరుగా పందిరి కిందికి వెళ్లింది.

“కాయలేవే?”

“ఇప్పుడేడియమ్మ. సలి వడాలె. గిప్పుడిప్పుడే మొగ్గ తొడుగుతున్నది.”

“ఆనపకాయకి చలెందుకే?” కమలాకుమారి ఒక ఆకు తుంచి చూసింది. “ఇది చిక్కుడు కదూ?”

“చిక్కుడు గాదమ్మ, అనప.”

ఆనపకాయ అంటే ఇంత పొడుగుంటుందని కమలాకుమారి మోచేతి దాకా చెయ్యి చాచి చూపింది. ఎంకమ్మ కాసేపు ఆ చేతివంకే చూసింది. “గది సొరకాయ గద,” అంది నెమ్మదిగా.

విశ్వేశ్వరరావు పడీ పడీ నవ్వాడు. మేస్త్రీ కూడా నవ్వాడు. మర్నాడు ఆఫీసులో చెబితే వాళ్లూ నవ్వారట. మనుషులు పోగొట్టుకున్నది మాట రూపంలో ఉంటే అది చాలామందికి హాస్యంగానే వినబడుతుంది.

ఎంకమ్మ నవ్వలేదు. “సారు, అనప కాపు అయ్యేదాక అన్నరు గద.”

“నేనన్నది ఆనప. అది దసరాకే అయిపోవాలి.” కోపంగా కాదు, ఫైలు మీద నోటు రాసేవాడిలా ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు.

“మాఘంల వెట్టుకోండ్రి. గింజ ముదిరినంక నేనే వీకేస్త. మా అమ్మ ఇత్తనం సారు, మల్ల దొరకది.”

అంతదాకా ఆగితే సిమెంటు పర్మిట్ మురిగిపోతుందన్నాడు. మీకేం లోటు చెయ్యనులే అని కూడా అన్నాడు. పునాది తవ్వడానికి చెన్నయ్యను, తట్టలు మొయ్యడానికి ఆమెను పెట్టుకోమని మేస్త్రీకి అప్పటికే చెప్పి ఉంచాడు. కోపంగా అని ఉంటే ఎదురు చెప్పడానికి నోరు లేచేది. ఆయన దయగా అన్నాడు.

ముహూర్తం నాడు మేస్త్రీ పోసిన ముగ్గు గీత పందిరి నడిమధ్య నుంచి వెళ్లింది. చెన్నయ్య అవతలి మూల నుంచి మొదలుపెట్టి మెల్లగా తవ్వాడు. భార్య కోసం అతను చెయ్యగలిగింది అదొక్కటే. మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు పందిరి దగ్గరికి వచ్చాడు.

“ఒక్క పాదన్న ఇడువు,” అంది ఎంకమ్మ.

“ఇడిస్తె కూలి పోతది. గుడిసె పోతది. ఏడికి పోదాం చెప్పు?”

ఆమె తట్ట పట్టుకుని నిలబడింది. అతను పార వేశాడు. మట్టితో పాటు వేళ్లు, తీగలు, ఊదారంగు పూత తట్టలో పడ్డాయి. ఆమె నెత్తికెత్తుకుని గోడ పక్కన పోసి వచ్చింది. సాయంత్రం ఆ కుప్పలో వెతికి, అక్కడక్కడా దిగిన పిందెలు ఏరి, గుడిసె కప్పు మీద ఎండబెట్టి, మళ్లీ అదే బూడిదలో దాచింది. గింజ పట్టని పిందెలు మొలవవని ఆమెకు తెలియక కాదు.

పునాదులు నడుములోతు వెళ్లేసరికి జనవరి వచ్చింది. తెలంగాణ వేరు కావాలని కాలేజీ పిల్లలు రోడ్డెక్కారు. బర్కత్‌పుర నుంచి నారాయణగూడ దాకా దుకాణాలు మూతపడ్డాయి. విశ్వేశ్వరరావు భార్యను తీసుకుని బెజవాడ వెళ్లిపోయాడు. మేస్త్రీ మొహం కనబడలేదు. తెచ్చి పెట్టిన సిమెంటు బస్తాల్లోనే గడ్డకట్టి రాయి అయింది. అడ్డా మీద కూలీలను పిలిచేవాడు లేడు. మాఘం వచ్చి వెళ్లింది. పందిరి ఉన్న చోట గుంత, గుంతలో కుక్కలు. వేసవి అంతా ఆ గుంతకు ఎంకమ్మే కాపలా కాసింది.

తొలకరికి పిందెలు తీసి ఒలిచి నానబెట్టింది. నీళ్ల మీద తేలాయి. మూడో రోజుకు కంపు కొట్టాయి. పిడత కడిగి ఉప్పు పోసుకుంది.

శ్రావణంలో కమలాకుమారి తిరిగి వచ్చింది. ఇంత గొడవల్లో ఇల్లు కట్టే ఆలోచన లేదని, అమ్మేద్దామా అని చూస్తున్నారని చెప్పింది. కొంగు ముడి విప్పి ఒక పొట్లం ఇచ్చింది. “మా పుట్టింటి ఆనప గింజలు. ఈసారి పొరపాటు రాకుండా నేనే తెచ్చాను. గుంత పక్కన పెట్టు.”

“ఎప్పటిదాంక అమ్మ?”

“కాపు అయ్యేదాకా.”

“నెల జెప్పుండ్రి.”

కమలాకుమారి తెల్లబోయింది. అది తనకెలా తెలుస్తుంది, సారును అడగాలి అంది. ఎంకమ్మ తల ఊపి, పొట్లాన్ని గుడిసె కప్పులో దోపింది. అది అక్కడే ఉండి ఎలుకల పాలైంది. గుంత పక్కన ఆమె పుంటికూర చల్లింది. అది నెలకే కోతకు వస్తుంది.