ఇరవై ఏడు టేకు ముక్కలు

శామీర్‌పేటలో మా నాయిన వడ్రంగి. వాడలో ఎవరికి నొప్పులొచ్చినా ఆయన్ని పిలిచేవారు. పళ్ళెంలో కుంకుమతో తొమ్మిది గళ్ళు గీసి, ఎటు కూడినా పదిహేను వచ్చేలా అంకెలు వేసి ఆ తల్లికి చూపించేవాడు. చూస్తే కాన్పు సుళువవుతుందని నమ్మకం. అక్క తొలికాన్పుకూ అదే గీశాడు. బిడ్డ చచ్చి పుట్టింది.

రెండోసారి అక్క పుట్టింటికి వచ్చాక నన్నడిగాడు. "తొమ్మిది గళ్ళు సాలలే. గంతకన్న గట్టిది ఏమన్న ఉన్నదా రా, నీ సదువుల?"

అప్పుడు నాది మేడ్చల్‌లో డిగ్రీ మొదటి ఏడాది. పొగరుకేం తక్కువ లేదు. ఉందన్నాను. మూడు చదరాలను ఒకదానిమీద ఒకటి పేర్చి ఘనం చేయొచ్చు. ఒకటి నుంచి ఇరవై ఏడు దాకా అంకెలు. అడ్డం, నిలువు, పైనుంచి కిందికి, ఏ వరస కూడినా నలభై రెండు. నాయిన టేకుతో ఇరవై ఏడు ముక్కలు కోసి నున్నగా చిత్రిక పట్టి, ముక్కకొక అంకె చెక్కాడు. నడిమధ్య పద్నాలుగు పెట్టి, మిగతావాటితో వారం రోజులు కుస్తీ పట్టి కుదిర్చాను.

మిట్టమధ్యాహ్నం అక్కకు నొప్పులు మొదలయ్యాయి. అమ్మ లేని ఇల్లు. మంత్రసాని చూసి, "బిడ్డ అడ్డం తిరిగింది, జల్దీ మేడ్చల్ దవాఖానకు తీస్కపోండ్రి" అంది. ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. నాయిన ఘనాన్ని అక్క ముందు పెడుతూ, పై చదరంలో మూల నుంచి మూలకు వేలు జరిపాడు. ఎనిమిది, ఏడు, తొమ్మిది.

"ఇరవై నాలుగే వస్తాంది గదరా!"

లెక్క తప్పిన యంత్రం చూసి గడప దాటితే కీడని ఆయన పట్టింపు. మూలగీత కుదరకపోయినా ఏం కాదు, పద పోదాం అనాల్సింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది! "ఆగు నాయినా, సరిజేస్త" అని కూర్చున్నాను. మూల కుదిరితే వరస చెడింది. వరస కుదిరితే నిలువు చెడింది. లోపల అక్క అరుస్తోంది, బయట ఆటో హారన్. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అలా రెండు గంటలు. చివరికి మంత్రసాని వచ్చి ముక్కలన్నీ కాలితో చిమ్మేసి, "మీ లెక్కలు పాడుగాను!" అని అక్కను తానే పట్టుకుని ఆటో ఎక్కించింది.

అక్క బతికింది. బిడ్డ దక్కలేదు. ఇంకో కాన్పు ఉండదని డాక్టరమ్మ చెప్పింది. ఆ తర్వాత అత్తవారు అక్కను తీసుకుపోలేదు.

నాలుగేళ్ళకు, ఎమ్మెస్సీలో ఉండగా తెలిసింది. ఆ ఇరవై ఏడు అంకెలతో ప్రతి చదరంలో మూలగీతలు కూడా కుదిరే ఘనం అసలు ఉండదట, ఎవరూ చేయలేరట. ఎంత తేలికపడ్డానో! సిగ్గులేకుండా ఇంటికి పరుగెత్తుకొచ్చాను.

"దేవుడు దిగొచ్చినా కాదంట నాయినా. నా తప్పేం లేదు."

నాయిన చిత్రిక ఆపాడు. "అయితదో కాదో తెల్వనోడివి, సరిజేస్తనని ఎట్లన్నవు రా?"

పక్కన బియ్యం ఏరుతున్న అక్క తలెత్తి నావంక చూసింది, జవాబు కోసం. నా గొప్ప చూపించుకోవాలనే ఆ రోజు అలా అన్నాను, అంతే. ఆ మాట దాచి, కింద రాలిన చిత్రిక పొట్టు ఏరసాగాను. అక్క చాట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.