గుర్రం మీది దుప్పటి

పొద్దున ట్రంకుపెట్టె తెరిస్తే కలరా ఉండల వాసనతో పాటు నాన్న నేసిన దుప్పటి బయటపడింది. అంచున మెట్లు మెట్లుగా ఎరుపు, నలుపు. అప్పటినుంచి నాకు కుదురు లేదు.

ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లలో పెరిగినవాళ్లూ, అమావాస్య గుర్తుందా? ఆ రోజు మగ్గం ఆడదు కాబట్టి పగలే వీడియో డెక్కు అద్దెకు తెప్పించేవాళ్లు. పిల్లలం మగ్గం గుంటలోకి కాళ్లు వేలాడేసి ఊపుతూ కూర్చునేవాళ్లం.

ఒక అమావాస్యకు ఇంగ్లీషు కౌబాయ్ సినిమా వచ్చింది. ఒక్క మాటా అర్థం కాలేదు. అయినా చివర్లో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తుపాకుల మీద చేతులు వేయగానే మా కాళ్లు ఊగడం ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే నాన్న లేచాడు.

"ఆపప్పా, రోంత ఆపు! ఆ గుర్రం మీది దుప్పటి అంచు సూడనీ."

"వాళ్లను కాల్సుకోనీ అన్నా, మళ్లా ఎనక్కి తిప్పుతా" అన్నాడు వీడియో ఆడించే అతను.

"మళ్లా కరెంటు పాయెనంటే యాడ సూడాల?"

అతను ఆపాడు. నాన్న టీవీ అద్దం మీద వేలితో ఆ అంచు తడుముతుండగానే కరెంటు పోయింది. సాయంత్రం దాకా రాలేదు. వీడియో వెళ్లిపోయింది. నేను కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ ఏడుస్తుంటే, నాన్న బొగ్గుతో గోడ మీద మెట్లు గీసుకుంటున్నాడు.

ఇవాళ మధ్యాహ్నమంతా వెతికితే ఆ సినిమా ఫోనులో దొరికింది. మా బ్లాక్ అండ్ వైట్ టీవీ చూపించని రంగులన్నీ ఉన్నాయి. ఇద్దరూ తుపాకుల మీద చేతులు వేశారు. నా వేలు తనంతట తానే ఆపేసింది.

గుర్రం మీది దుప్పటి నీలం. ఎరుపు ఎక్కడా లేదు. ఆ ఎరుపు నాన్నదే.